నీలగిరి తైలం వచ్చిన దారి

ఊటీ వెళ్లొచ్చినవాళ్ల సంచిలో టీ పొడి, చాక్లెట్లతో పాటు నీలగిరి తైలం సీసా కూడా ఉంటుంది. పేరు వింటే ఆ కొండల్లో అనాదిగా పెరిగే మూలికేదో అనిపిస్తుంది. ఈ తైలాన్నిచ్చే చెట్టు అక్కడికి వచ్చి రెండొందల ఏళ్లు కూడా కాలేదు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా.

1788లో ఖైదీలతో సిడ్నీ తీరం చేరిన తొలి ఓడల్లో జాన్ వైట్ అనే వైద్యుడు ఉన్నాడు. అక్కడి యూకలిప్టస్ ఆకు నుంచి తైలం దింపించి, కడుపునొప్పికి బాగా పనిచేస్తోందంటూ కొంత ఇంగ్లండుకు పంపాడు. దాన్ని వ్యాపారంగా నిలబెట్టినవాడు జోసెఫ్ బొసిస్టో అనే మందుల దుకాణదారు. వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ వాన్ ముల్లర్ ప్రోత్సాహంతో 1852లో విక్టోరియాలో బట్టీ పెట్టాడు.

నీలగిరులకు మాత్రం ఈ చెట్టు మందు కోసం రాలేదు. ఊటీలో కాపురాలు పెట్టిన ఆంగ్లేయులు చలికి తాళలేక షోలా అనే అక్కడి అడవులను నరికి పొయ్యిల్లో పెట్టారు. కట్టెలకు కరువొచ్చింది. మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన కెప్టెన్ కాటన్ 1843లో నీలి యూకలిప్టస్ మొక్కలు తెప్పించాడు. 1856 నుంచి తోటలుగా వేయడం మొదలైంది. కట్టె కోసం వేసిన చెట్టు ఆకునీ అక్కడి జనం వదల్లేదు. ఏరిన ఆకును రాగి బట్టీలో నీళ్లతో కలిపి మరిగిస్తారు. ఆవిరి గొట్టం గుండా వెళ్లి చన్నీళ్లలో చల్లబడుతుంది. నీటిపై తేలిన తైలాన్ని వేరు చేస్తారు. వంద కిలోల ఆకుకు చేతికొచ్చేది ఒకటి రెండు కిలోలే. ఈ తోటలకు కొండలు చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు. ఎన్నో పచ్చిక బయళ్లు ఈ చెట్ల కింద కనుమరుగయ్యాయి.

ఆ రోజుల్లో ఐరోపావాళ్లు దీన్ని జ్వరాల చెట్టు అనేవారు. బురద నేలల నుంచి లేచే చెడుగాలి వల్లే మలేరియా వస్తుందని, ఈ ఆకుల వాసన ఆ గాలిని శుభ్రం చేస్తుందని నమ్మేవారు. రోము దగ్గర త్రె ఫోంతానె మఠంలో సన్యాసులు ఆ ఆశతోనే వేల మొక్కలు నాటారు. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అయితే ఈ జాతి చెట్లకూ దోమకూ అసలు సంబంధమే లేదనలేం. నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి తయారయ్యే ఒక పదార్థం దోమలను చక్కగా తరుముతుందని తర్వాతి పరిశోధనల్లో రుజువైంది.

తెలుగిళ్లలోకి ఈ వాసనను తెచ్చిన పేరు అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో డబ్బాలు ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ పసుపుపచ్చ ముద్దలో కర్పూరం, పిప్పరమెంటు పువ్వుతో పాటు నీలగిరి తైలమూ ఉంటుంది. దాని మీద వచ్చిన డబ్బుతోనే ఆంధ్రపత్రిక, భారతి పత్రికలు నడిచాయి. తలనొప్పి మందు ఒక జాతి సాహిత్యాన్ని పోషించడం సామాన్య విషయం కాదు.

ఇంతకీ ఈ తైలం నిజంగా మేలు చేస్తుందా? దాని బలం చాలావరకు సినియోల్ అనే పదార్థానిది. 2003లో జర్మనీలో స్టిరాయిడ్ మాత్రల మీద బతుకుతున్న 32 మంది ఉబ్బసం రోగులపై పరీక్ష జరిగింది. శుద్ధిచేసిన సినియోల్ గొట్టం మాత్రలను 12 వారాలు వాడినవారికి స్టిరాయిడ్ మోతాదు సగటున 36 శాతం తగ్గించగలిగారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఆ తగ్గుదల 7 శాతమే. వేరే పరీక్షల్లో సైనస్ బాధలకూ మంచి ఫలితాలు కనిపించాయి. ఉబ్బసం పరీక్ష చిన్నదే అయినా పాత అనుభవానికి అది బలమిచ్చింది. అదే సమయంలో జలుబుకు రాసుకునే మందుల్లోని పిప్పరమెంటు పువ్వు ముక్కులోని చల్లదనపు నరాలను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుందే తప్ప, మూసుకుపోయిన దారిని తెరవదని కూడా తేలింది. ఆ ఊరట నిజమే, రోగం తగ్గడం మాత్రం వేరు.

సీసాలోని నాటు తైలం, వైద్యుడి పర్యవేక్షణలో ఇచ్చే గొట్టం మాత్ర ఒకటి కావు. ఒక్క చెంచా మింగినా పసిపిల్లలకు ప్రాణాపాయం రావచ్చు. ఈ తైలంతో మూర్ఛలు వచ్చిన రోగుల గురించి దక్షిణ భారత నరాల వైద్యులే హెచ్చరించారు. కాబట్టి పెద్దలు వాసన చూడండి, ఒంటికి పలచగా రాసుకోండి. తాగకండి, మూర్ఛ ఉన్నవారి దగ్గర వాడకండి, చిన్నపిల్లల ముక్కు దగ్గర రాయకండి, సీసాను పిల్లల చేతికి అందనివ్వకండి.