అరకు లోక్‌సభ స్థానము – చింతూరు ఎల్లలు

శబరీతీరమున నున్న చింతూరు చోటు మాఱలేదు; ఎల్లలే మాఱినవి. 1959లో ఈ ప్రాంతము తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాకు చేరెను. 1967 నుండి భద్రాచలము లోక్‌సభ స్థానముననుండెను. 2008 పునర్విభజనలో ఆ స్థానము రద్దుకాగా, మహబూబాబాదులో కలిసెను. అదే పునర్విభజనలో గిరిజనులకు ప్రత్యేకింపబడి అరకు స్థానము క్రొత్తగా ఏర్పడెను. 2009లో తొలి ఎన్నిక జరిగెను. పాలకొండ, కురుపాము, పార్వతీపురము, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరము దాని శాసనసభా భాగములు.

2014లో పోలవరము ముంపు కారణమున చింతూరు ఆంధ్రప్రదేశమునకు మాఱెను. 2019 ఎన్నికలలో ఇచ్చటి ఓటర్లు రంపచోడవరము భాగమున, అరకు స్థానమునకు ఓటు వేసిరి. ఒకే గడపకు మూడు లోక్‌సభ స్థానములు!

చౌహద్దులెఱుగని రైతు పొలమును నిలుపుకొనలేడు. తన స్థానపు ఎల్లలెఱుగని ఓటరు తన ప్రతినిధిని ప్రశ్నింపలేడు. ఈ లెక్కను భద్రపఱచుట గ్రంథాలయ ధర్మము.