గడ నుండి గుడారమునకు

పట్టణమునకు సర్కసు వచ్చినదను వార్త గోడకాగితములకంటె ముందే పిల్లల చెవులఁ బడుచుండెను. రైలు స్టేషను నుండి మైదానము వఱకు ఏనుఁగులు వరుసగా నడచుచుండఁగా వాని వెనుక బడి మానిన పిల్లలు నడచుచుండిరి. ప్రొద్దు గ్రుంకినంతనే డేరా శిఖరము నుండి ఒక వెలుఁగు ఆకాశమున గుండ్రముగాఁ దిరుగుచుండఁగా దూరపుఁ బల్లెలవారు దానినే గుఱుతుగాఁ బట్టుకొని బండ్లు కట్టుకొని వచ్చుచుండిరి. విద్యుద్దీపమును తొలుత సర్కసు డేరాలోనే చూచిన గ్రామీణులు మన దేశమున పెక్కుమంది యుందురు.

ఆ దీపముల క్రింద ఉయ్యెలకు తలక్రిందుగా వ్రేలాడిన బాలిక యెవరి బిడ్డ? ఏ యూరిది? ఆట ముగిసిన పిమ్మట ఎచ్చటఁ బరుండును? ఇంటికి మరలివచ్చుచు మన పెద్దలలో నెవరైన ఈ ప్రశ్నలు వేసిరో లేదో చెప్పఁజాలము. ఇప్పటికైనను వానిని వేసికొనుట మంచిదని తలఁచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

సర్కసు పాశ్చాత్యుల సొమ్మని మనలో పలువురి యభిప్రాయము. డేరా మాత్రము వారిదే. అందలి విద్య యంతయు వారిది కాదు. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుఁడు రచించిన పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రను వర్ణించు పట్టున గడలపై నాడువారు మనకుఁ గనఁబడుదురు. మన గ్రామములలో దొమ్మరులు ఆడిన యాటయు నట్టిదే. ఊరి నడుమ ఒక పొడవైన వెదురుగడను నాఁటి, నాలుగు దిక్కుల త్రాళ్లు బిగించి, డోలు వాయించుచుండఁగా ఒక స్త్రీ దానిపైకి ప్రాఁకి, కొనయందు కడుపు మోపి, చేతులును కాళ్లును చాఁచి తిరుగుచుండును. క్రింద నామె మగఁడో సోదరుఁడో పిల్లలచేఁ బిల్లిమొగ్గలు వేయించుచుండును. ఆట యైన పిదప ఊరివారు ధాన్యమును పాతబట్టలను ఇచ్చుచుండిరి. ఆమె గడపై నుండి ఊరి క్షేమమును కోరినచో పంటలు పండునను నమ్మకమును పలుచోట్ల నుండెను. శుభము పలికించుకొనుటకు ఆమె కావలెను గాని ఆమెను అరుగుపైఁ గూర్చుండనిచ్చిన గృహస్థు లేఁడు.

ఆ కులనామము క్రమముగా నొక తిట్టుమాటగా మాఱిపోయినది. మేము దానిని చరిత్రలోని పేరుగా మాత్రమే ఇచ్చట వాడుచున్నాము.

ఇఁక డేరా కథ. 1768లో లండను నగరమున ఫిలిప్ ఆస్ట్లీ యను ఆశ్వికుఁడు గుఱ్ఱపు స్వారీ విద్యలను జనులకుఁ జూపఁ దొడఁగెను. గుఱ్ఱము తిన్నగాఁ బరుగిడునపుడు దాని వీఁపుపై నిలుచుట కష్టము. వలయముగాఁ బరుగిడునపుడు రౌతు కొంచెము లోపలికి ఒరిగినచో వేగమే యతనిని నిలిపియుంచును. ఆ వలయమునకు 42 అడుగుల వ్యాసము తగినదని అనుభవముచేఁ దేలెను. నేఁటికిని ప్రపంచమున సర్కసు రంగము కొలఁత యదియే. దానిపై వ్రేలాడు ఉయ్యెలలాట తరువాతిది. 1859లో పారిస్ నగరమున జూల్ లియొతార్ అను యువకుఁడు ఒక యుయ్యెల నుండి మఱియొక యుయ్యెలకు ఎగిరి దానికి నాంది పలికెను. పొగయోడలును రైళ్లును వచ్చిన వెనుక ఈ డేరాలు ఖండములు దాఁటఁ జొచ్చినవి.

1879లో జుసెప్పె కియారినీ యను ఇటలీ దేశస్థుఁడు తన సర్కసుతో బొంబాయికి వచ్చెను. అతని యాటను చూచినవారిలో విష్ణుపంత్ ఛత్రే యను మహారాష్ట్రుఁ డొకఁడు. ఒక సంస్థానాధీశుని కొలువున అశ్వశిక్షకుఁడుగా నుండి గుఱ్ఱముల గుణములన్నియు నెఱిఁగినవాఁడు. భారతీయులకు స్వంత సర్కసు లేదనియు, ఇప్పట్టున నుండఁబోదనియు కియారినీ పలుకఁగా ఛత్రే పంతము పట్టెనని చెప్పుకొందురు. పంతము మాట యెట్లున్నను, 1880 మార్చి 20వ తేదీన బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కసు తొలి యాట జరిగినది. రంగమున ఛత్రే గుఱ్ఱపు విద్యలు చూపఁగా అతని భార్య ఉయ్యెలపై నాడెను. ఇది చదువరులు గమనింపవలసిన విషయము. కులస్త్రీ వీథిగుమ్మము దాఁటుటయే చర్చగా నున్న యా దినములలో, ఒక మహారాష్ట్ర గృహిణి వేలకొలఁది జనుల యెదుట గాలిలో నెగిరెను. ఆమె పేరు మాత్రము భర్త పేరువలె ప్రచారమునకు రాలేదు.

దేశాభిమానమునకు ఈ డేరా క్రొత్త ఆటపట్టైనది. హిందువులు బలహీనులని దొరలు వ్రాయుచున్న కాలమది. 1887లో ప్రియనాథ బోసు వంగదేశమున గ్రేట్ బెంగాల్ సర్కసును స్థాపించెను. అతని డేరాలో సుశీలాసుందరి యను యువతి ఆయుధము లేకయే పులి బోనులోనికిఁ బోవుచుండెను. వంగయువతి పులిమెడపైఁ జేయి వేయఁగాఁ జూచి ప్రజలు తమ జాతి పౌరుషము నిలిచినదని పొంగిపోయిరి. జాతి పౌరుషమును నిలుపు పని స్త్రీ మీఁదఁ బడినదని నవ్వుకొన్నవారు ఉండిరో లేరో! ఒకనాఁడు పులి దెబ్బ తిని ఆమె రంగమును విడువవలసి వచ్చెను. 1924లో ఆమె మరణించెను.

అన్నిటికంటె విస్తారముగాఁ జెప్పవలసినది తలచేరి కథ. మలబారు తీరమునందలి యా చిన్న పట్టణమున కీలేరి కుఞ్ఞికణ్ణన్ అను వ్యాయామోపాధ్యాయుఁ డుండెను. కళరి విద్యయు, పాశ్చాత్యుల కసరత్తులును ఎఱిఁగినవాఁడు. ఛత్రే దక్షిణమునకు వచ్చినపుడు వీరిరువురకును పరిచయ మయ్యెను. సర్కసునకుఁ గావలసిన ఆటగాండ్రను తయారుచేయుదునని కుఞ్ఞికణ్ణన్ పూనుకొనెను. 1901లో తలచేరి చెంతనున్న చిరక్కరలో ఆయన సర్కసు పాఠశాలను తెఱచెను. విద్యార్థికి రుసుమెంత యని కాని, కులమేమని కాని చూడక దేహమును, ధైర్యమును చూచి చేర్చుకొనుచుండెను. ఆయన శిష్యుఁడు పరియాలి కణ్ణన్ 1904లో మలబారు సర్కసును నెలకొల్పెను. అటుపై నొక దాని వెనుక నొకటిగా తలచేరివారి డేరాలు దేశమంతట లేచినవి. 1939లో కుఞ్ఞికణ్ణన్ గతించునాఁటికి భారతదేశమునఁ ద్రిప్పఁబడుచున్న ఏ డేరాలో చూచినను తలచేరి బిడ్డలు కనఁబడుచుండిరి.

ఆ విద్య యెట్టిదో కొంచెము చెప్పుదము. ఎగురుట కంటె పడుట నేర్చుట ముందు. వలలోఁ బడునపుడు వీఁపు మోపవలెను. కాలు ముందుగాఁ దగిలినచో ఎముక విఱుగును. ఉయ్యెల నుండి ఎగురువారి పేరు ప్రేక్షకులకుఁ దెలియును. అవతల తలక్రిందుగా వ్రేలాడుచు వారి మణికట్లను పట్టువానిని ఎవరును గమనింపరు. ఎగిరిన పిల్ల ప్రాణ మంతయు వాని లెక్కయందే యున్నది. ఈ లెక్క కుదురుటకు ఏండ్లు పట్టును. కనుకనే శరీరము వంగు పసితనమునందే పిల్లలను డేరాకుఁ జేర్చుచుండిరి. ఈ విద్య గొప్పదనమును, దాని పాపమును ఇచ్చటనే కలిసియున్నవి.

మన తెలుఁగు దేశమున సర్కసనఁగానే కోడి రామమూర్తినాయుఁడు గుర్తునకు వచ్చును. వీరఘట్టమునఁ బుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుఁడై, పిదప సర్కసు నడపిన మహాబలుఁడు. ఱొమ్మునకుఁ జుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచుట, రెండు మోటారుబండ్లను పోనీక పట్టి నిలుపుట, ఱొమ్ముపై ఏనుఁగును నిలుపుకొనుట, ఇవి యాతని విద్యలు. కలియుగ భీముఁడని జనులు కొనియాడిరి. ఆతఁడు 1942లో గతించెను. ఆతని కీర్తి యుచితమైనదే. మేము దానిని తగ్గింపఁబూనుట లేదు.

కాని యా కీర్తి వ్యాపించుచున్న కాలమునందే జరిగిన మఱియొక సంగతిని చరిత్రకారులు దాని ప్రక్కన నుంచి వ్రాయుట అరుదు. 1871లో ఉత్తరాదిని మొదట అమలుజరపిన నేరస్థ జాతుల చట్టమును ప్రభుత్వమువారు 1911లో మార్చి మదరాసు రాజధానికి సైతము విస్తరింపఁ జేసిరి. ఒక కులమున జన్మించుటయే నేరమునకుఁ దగిన యనుమానముగా నెంచి, ఆ కులమువారి పేళ్లను వ్రేలిముద్రలతోఁ బోలీసువారి పుస్తకములకెక్కించి, హాజరు పలికించి, అనుమతి లేక ఊరు విడువరాదని శాసించిన చట్టమది. అట్టి పట్టికల కెక్కిన సంచారజాతులలో దొమ్మరులును ఉండిరి. ఊరూర తిరిగి ఆడుటయే బ్రదుకైన వానికి ఊరు విడుచుటయే నేరమైనచో ఇఁక నేమి మిగులును?

రైలులో డేరాను ఎక్కించుకొని ఊరూరఁ దిరుగు యజమానికి కలెక్టరు మైదానము నిచ్చెను, రాజులు పతకముల నిచ్చిరి. గాడిదపైఁ గడను వేసికొని తిరుగువానికి పోలీసు ఠాణా హాజరు మిగిలెను. త్రాటిపై నడచు పాదమున భేదము లేదు. ఒకచోట ద్వారమునందు టిక్కెట్టు కలదు, ఇంగ్లీషు పేరు కలదు, బ్యాండు మేళము కలదు. రెండవచోట డోలును, చాఁచిన పళ్లెమును కలవు. మన సంస్కర్తలు ఆ దినములలో భోగము మేళములను మాన్పింప నెంతయో శ్రమపడిరి, మంచి పనియే. గడపై నాడు స్త్రీని గుఱించి వారు వ్రాసినది మేము చదివినంతలో మిక్కిలి తక్కువ.

డేరా వలన మేలు జరుగలేదని మా వాదము కాదు. తలచేరి ప్రాంతపు బీదకుటుంబములలో ఆఁడుబిడ్డ నెలజీతము తెచ్చుట డేరా వలననే సాధ్యమైనది. అచ్చట నొకే వంటశాలలో వేర్వేరు కులములవారును మతములవారును భుజించిరి, ఒకరి నొకరు పెండ్లాడిరి. ఇంటనుండి సంస్కరణమును గుఱించి యుపన్యసించు మనవంటివారికంటె ముందుగానే వారు దానిని ఆచరించిరి. కాని పదియేండ్లైన నిండని పిల్లను డేరాకుఁ బంపిన తండ్రికి కొంత ధనము ముట్టును. ఆ పిల్లకు బడి లేదు, పండుగకు ఇల్లు లేదు. వయసు మీఱి కీళ్లు బిగుసుకొన్న తరువాత వేఱు విద్య లేదు. పిదపఁ గాలమున తలచేరి బిడ్డలు చదువులకు మరలఁగా యజమానులు నేపాలము మొదలగు బీదప్రాంతముల బాలికలను తెచ్చుకొనఁ జొచ్చిరి. 2004లో ఉత్తరప్రదేశమున గోండా జిల్లాలో నొక సర్కసు నుండి అట్టి బాలికలను విడిపింపఁబోయిన కైలాస్ సత్యార్థి దెబ్బలు తినవలసి వచ్చెను.

ధర్మశాసనము డేరాలోనికి వచ్చిన వరుస విచిత్రమైనది. అది ముందుగా మృగముల చెంతకు వచ్చెను. ఎలుఁగుబంటులు, కోఁతులు, పులులు, చిఱుతలు, సింహములు, వీనిని ఆడింపరాదని 1998లో కేంద్రప్రభుత్వము ప్రకటించెను. యజమానులు వ్యాజ్యమాడిరి, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును స్థిరపఱచెను. పిల్లల మాట 2006లో ఆ న్యాయస్థానమునకుఁ జేరి, 2011 ఏప్రిల్ 18వ తేదీన తీర్పైనది. సర్కసులలో పిల్లలను పనికిఁ బెట్టుకొనరాదని రెండు నెలలలో ప్రకటింపుఁడని న్యాయమూర్తులు కేంద్రమును ఆదేశించిరి. సింహమునకును పిల్లకును నడుమ పండ్రెండేండ్ల పైబడిన కాలము గడచినది. సింహమునకు విడుదల తొందరపడి వచ్చినదని మేమనుట లేదు.

2016లో బాలకార్మిక చట్టమును సవరించునపుడు, చలనచిత్రములందును ప్రకటనలందును క్రీడలందును పిల్లలు నటింపవచ్చునని, సర్కసునందు మాత్రము కూడదని చేర్చిరి. చిత్రశాలల దీపముల క్రింద పసిపిల్ల ఎన్ని గంటలు నిలుచునో చూచినవారు ఈ భేదమును గుఱించి యాలోచింతురు గాక.

మృగములు పోయినవి, పిల్లలు పోయిరి, ఇంటింట దృశ్యయంత్రము వచ్చినది. డేరాలలో పెక్కు లేవకయే పోయినవి. కేరళ ప్రభుత్వము 2010లో తలచేరిలో నొక సర్కసు శిక్షణాలయమును తెఱచెను. అది కొలఁది యేండ్లకే మూఁతపడినది. వృద్ధులైన ఆటగాండ్రకు ఆ ప్రభుత్వ మిచ్చు పింఛను మాత్రము కలదు.

నేరస్థ జాతుల చట్టమును మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952లోను రద్దు చేసిరి. గడ వృత్తివారికి ఇట్టి శిక్షణాలయము నెవరును తెఱవలేదు. నేఁటికిని నగరములలో కూడలి ప్రక్కను రెండు జతల వెదురుకఱ్ఱలు పాఁతి, వాని నడుమ త్రాడు కట్టి, తలపైఁ జెంబులు పేర్చి, చేత కఱ్ఱ పట్టించి యొక పిల్లను నడిపించుచుండుట కనఁబడును. క్రింద తల్లి డోలు వాయించుచుండును. దీపము ఎఱ్ఱగా నున్నంతసేపు బండ్లు ఆఁగును; పచ్చదీపము రాఁగానే కదలును. పిల్ల యింకను త్రాటి నడుమనే యుండును.