మట్టిబండి – బెండులారీ

ఆటబండి మనకు క్రొత్త కాదు. హరప్పా, మొహెంజొదారో త్రవ్వకాలలో సుమారు 4,500 ఏండ్లనాటి మట్టిబండ్లు లభించాయి. శూద్రకుని ‘మృచ్ఛకటికం’ పేరుకు మూలమూ అట్టి బండియే. పొరుగింటి బాలుని బంగారుబండి వంటిది కావాలని ఏడ్చిన రోహసేనుని మట్టిబండిని వసంతసేన తన నగలతో నింపింది.

మా జనగామ పల్లెలలో జొన్నబెండ్లతో ఎడ్లబండ్లు కట్టుకునేవాళ్లం. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గులారీలను చూచి పెరిగిన పిల్లలు, ఆ బెండ్లతోనే లారీలు చేయడం చూశాను. చక్రాలు మాత్రం అరిగిన చెప్పుల రబ్బరువి.

మానుకోటలో ఒకనాడు రోహసేనుని కథ చెబుతూనే, బల్లక్రింద అట్టి లారీకి చక్రం బిగిస్తున్న విద్యార్థి చేతినుండి దానిని లాగుకొన్నాను. తిరిగి ఇవ్వలేదు. వాడు ఏడ్వలేదు కూడా.

పాఠం చెప్పింది నేను; దాని అర్థం వాడి చేతిలో ఉండినది. మిత్రులారా, మీ చిన్ననాటి బండికి చక్రాలు దేనితో చేశారు?