పచ్చని సాగుకు ఇచ్చే డబ్బు ఎవరి చేతికి? పాస్‌బుక్‌కా, పనికా?

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో దళితవాడల పిల్లలూ తక్కువేం కాదు. గ్రూప్స్ పుస్తకాల్లో ‘సుస్థిర వ్యవసాయం’ పాఠం చదువుతారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఎవరి పొలమో కౌలుకు చేస్తుంటారు, లేదంటే రోజు కూలికి మందు కొడుతుంటారు, కలుపు తీస్తుంటారు. నేనూ ఇక్కడే ఒక గదిలో ఉండి పరిశోధన చేసుకుంటున్నాను. ప్రభుత్వ మార్గదర్శకాల్లో ‘రైతు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా మన ఇంటి మనిషిని పెట్టి చదవడం నాకు అలవాటైంది. అలా చదివితే చాలా పథకాలు మనవాళ్ల గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నాయని తెలుస్తుంది.

వ్యవసాయం వల్ల నేలకు, నీళ్లకు, గాలికి, మనుషుల ఒంటికి జరిగే హానిని తగ్గించడానికి ఇచ్చే ఆర్థిక ప్రోత్సాహకాలు ఏమిటి, అవి ఎలా పనిచేస్తాయి, దళితులకు ఎక్కడ తలుపు మూసుకుంటోంది, ఎక్కడ తెరుచుకుంది అన్నది ఈ వ్యాసం విషయం.

ప్రోత్సాహకం అంటే

ఒకరు చేసే పనికి అయ్యే నష్టాన్ని ఇంకొకరు భరిస్తుంటే, ఆ పని చేసేవారికి దాన్ని తగ్గించుకోవాల్సిన అవసరం కనిపించదు. పొలం యజమాని కొన్న పురుగుమందు ఖర్చు ఆయన లెక్కలో ఉంటుంది. దాన్ని వీపున మోసి కొట్టిన కూలీకి వచ్చిన కళ్లమంట, వాంతులు, ఆస్పత్రి ఖర్చు ఆ లెక్కలో ఉండవు. ఇలాంటి నష్టాన్ని పన్ను ద్వారా ధరలోకి తీసుకురావాలని బ్రిటిష్ ఆర్థికవేత్త ఎ.సి. పిగూ 1920లోనే వాదించాడు. హాని చేసేదాని మీద పన్ను వేయడం, హాని పెంచే సబ్సిడీని తగ్గించడం, మేలు చేసే సాగుకు నేరుగా డబ్బు ఇవ్వడం, అలాంటి పంటకు మంచి ధర వచ్చే మార్కెట్ ఏర్పాటు చేయడం: ప్రధానంగా ఉన్న దారులు ఈ నాలుగు. మన దేశంలో మొదటిది దాదాపు లేదు. రెండోది రాజకీయంగా కష్టం. అందుకే చర్చ ఎక్కువగా మూడు, నాలుగు దారుల చుట్టూ తిరుగుతుంది.

ఇప్పటికే ఉన్న డబ్బు ఎటు నడిపిస్తోంది?

45 కిలోల యూరియా బస్తా ధర పన్నులు, వేప పూత ఖర్చు కాకుండా 242 రూపాయలు. మిగతా ఖర్చు కేంద్రానిది. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చాక భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా ధర మాత్రం పెద్దగా కదలలేదు. చవకగా దొరికేది ఎక్కువ వేయడం ఎవరైనా చేసే పనే. నత్రజని ఎక్కువైతే నేలలో పోషకాల సమతూకం చెడుతుంది, నైట్రేట్లు భూగర్భ జలాల్లోకి దిగుతాయి, నైట్రస్ ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కలో ఆ వాయువు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ.

కరెంటు సంగతీ ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. బోరు ఉన్న రైతుకు అది పెద్ద ఊరట. అయితే ఎంత తోడితే అంత లాభం కాబట్టి నీటిని పొదుపు చేసినవాడికి దక్కేదేమీ లేదు. బోరు లేని మెట్ట చెలకకు, అంటే ఎక్కువమంది దళితులకు అసైన్‌మెంట్‌లో దక్కిన నేలకు, ఈ సబ్సిడీ చేరనే చేరదు.

ఈ రెండింటినీ రేపే ఎత్తేయమని ఎవరూ అనడం లేదు. చిన్న రైతు కుప్పకూలిపోతాడు. కానీ ‘పర్యావరణ ప్రోత్సాహకం’ అనేది ఖాళీ మైదానంలో రాదు, ఎదురుగా నడిపించే ఇంత పెద్ద ప్రోత్సాహకాన్ని తట్టుకుని నిలబడాలి.

మేలు చేసే సాగుకు వస్తున్న డబ్బు

2015లో మొదలైన పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద సేంద్రియ సాగుకు హెక్టారుకు మూడేళ్లలో 50,000 రూపాయలు కేటాయించారు. అందులో 31,000 రూపాయలు ఎరువులు, విత్తనాల వంటి వాటికోసం రైతు ఖాతాలోకి వెళ్లాల్సి ఉండేది. 2023లో వచ్చిన పీఎం ప్రణామ్ పథకంలో రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి, మిగిలిన సబ్సిడీలో సగం తిరిగి ఇస్తామన్నారు. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్ల రూపాయలతో ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌ను ఆమోదించింది. అదే ఏడాది జనవరిలో వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ కోసం కేంద్ర వ్యవసాయ శాఖ ఒక విధాన పత్రం విడుదల చేసింది.

వీటిలో రైతుకు నేరుగా చేరే డబ్బుకు కొలత ఎకరం లేదా హెక్టారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

తలుపు మూసుకునే చోటు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల చేతిలో ఉన్న కమతాలు దాదాపు 12 శాతం, విస్తీర్ణం 9 శాతం లోపే. ఎకరం లెక్కన పంచే ఏ డబ్బు అయినా ఈ అసమానతను అలాగే మోసుకెళ్తుంది.

తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు దీనికి స్పష్టమైన ఉదాహరణ. మొదట ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 రూపాయలు పట్టాదారుకు ఇచ్చారు. కౌలు రైతును లెక్కలోకి తీసుకోలేదు. 2020 చట్టంతో వచ్చిన ధరణిలో పాత పహాణీలోని అనుభవదారు కాలమ్ కూడా పోయింది. దున్నేది ఎవరో రికార్డులోనే లేకపోతే, మంచి సాగు చేసింది ఎవరో అధికారికి ఎలా తెలుస్తుంది?

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చేసిన సాగుదారుల చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. ఆ కార్డు ఏడాదికే చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కార్డుకు భూయజమానితో ఒప్పందం కావాలంది. యజమాని సంతకం పెట్టడానికి భయపడతాడు, కౌలుదారు అడగడానికి భయపడతాడు. నేలకు సేంద్రియ పదార్థం పట్టాలంటే మూడు నాలుగేళ్లు కావాలి. వచ్చే ఏడాది ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషిని పెంట తోలమనడం, గట్ల మీద చెట్లు పెట్టమనడం న్యాయమా?

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు అర్హత కల్పించారు. తెలంగాణలో 2025 జనవరి 26న రైతు భరోసాతో పాటు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసిన భూమిలేని కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామన్నారు. అమలు మీద విమర్శలు ఎన్ని ఉన్నా, పాస్‌బుక్ లేకుండా డబ్బు ఇవ్వడం పాలనాపరంగా సాధ్యం కాదన్న మాట నిజం కాదని ఈ రెండూ చూపించాయి.

మందు మానేస్తే ఆ పని ఎవరు చేస్తారు?

రసాయనాలు తగ్గించిన చోట వాటి బదులు మనిషి శ్రమ వస్తుంది. కలుపు మందు మానేస్తే కలుపు చేత్తో తీయాలి. యూరియా మానేస్తే పేడ, మూత్రం పోగుచేసి ఘనజీవామృతం తయారుచేయాలి. విత్తనం కొనకపోతే ఏరి, ఎండబెట్టి, బూడిదలో కలిపి దాచాలి. తెలుగు పల్లెల్లో ఈ పనుల్లో పెద్ద భాగం దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల మహిళలది. కూలి కంటే కలుపు మందు చవకైనంత కాలం రైతు మందే కొడతాడు. ప్రోత్సాహకం ఆ కూలికి సరిపడా ఉంటే నేలా బాగుపడుతుంది, కూలీకి పనిదినాలూ పెరుగుతాయి. అది యజమాని ఖాతాలో పడి కూలి రేటు కదలకపోతే, పర్యావరణం భారమంతా ఆడవాళ్ల నడుం మీద పడుతుంది. కాబట్టి పర్యావరణ చెల్లింపు కూలి రేటు సమస్య కూడా.

జహీరాబాద్ సంగాలు చేసింది

హైదరాబాద్‌కు పడమరగా, ముంబై రహదారిలో సుమారు వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ ప్రాంతంలో సుమారు 75 ఊళ్లలో మహిళా సంగాలను కూడగట్టింది. సభ్యుల్లో అత్యధికులు దళిత మహిళలు. 1983లోనే వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది, కాదనలేం. కానీ జొన్న, కొర్ర, సామ పండించే మెట్ట నేలలకు ఆ రేషన్‌లో చోటు దక్కలేదు. చాలా చెలకలు బీడు పడ్డాయి.

1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సంగాలు ముప్పైకి పైగా ఊళ్లలో సొంత ధాన్య నిధి పెట్టుకున్నాయి. బీడును సాగులోకి తెచ్చేవారికి దున్నడానికి, ఎరువు తోలడానికి, కలుపు తీయడానికి దశలవారీగా అప్పు ఇచ్చారు. తిరిగి కట్టేది డబ్బు కాదు, జొన్నలు. అవి కూడా ఐదేళ్లలో. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పేద ఇళ్లు ఏవో ఊరివాళ్లే తేల్చి, తక్కువ ధరకు ఇచ్చారు. వచ్చిన సొమ్ము మళ్లీ నిధిలోకి చేరింది.

ఇక్కడ ఒకే డబ్బు మూడు పనులు చేసింది: బీడు నేల బతికింది, కూలి పని దొరికింది, తిండి గింజలు ఊళ్లో మిగిలాయి. షరతు పాస్‌బుక్ మీద కాక చేసిన పని మీద పెట్టారు. తనిఖీ చేసిందీ సంగం ఆడవాళ్లే. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

ఇదే దారిలో ఇంకో అడుగు అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పడింది. పురుగుమందుల అప్పులతో విసిగిన ఆ ఊరు 2000ల మొదట్లో మందులు మానేసింది. ఆ అనుభవం నుంచి మహిళా పొదుపు సంఘాల ద్వారా సామూహిక సుస్థిర వ్యవసాయ కార్యక్రమం, 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం వచ్చాయి. అందులో తోటి రైతులకు నేర్పే సాగుదారులకు ప్రతిఫలం ఇస్తారు. జ్ఞానానికి కూడా కూలి కట్టడం ఇందులో గమనించాల్సిన విషయం.

దూర దేశాల్లోనూ ఇదే తగువు నడిచింది. కోస్టారికా 1997లో ఇంధన పన్ను డబ్బుతో అడవిని కాపాడేవారికి చెల్లించడం మొదలుపెట్టింది. మొదట్లో పట్టా లేనివాళ్లు బయటే ఉండిపోయారు. తర్వాత నిబంధనలు మార్చి, అనుభవంలో ఉన్నవాళ్లకూ దారి ఇచ్చారు.

అంబేద్కర్ చెప్పిన లెక్క

పంజాగుట్ట కూడలిలో అంబేద్కర్ విగ్రహాన్ని 2019 ఏప్రిల్‌లో, జయంతికి ముందు తొలగించినప్పుడు జరిగిన గొడవ చాలామందికి గుర్తే. ఆయన వ్యవసాయం మీద రాసిన ఆర్థికవేత్త అన్న సంగతి మాత్రం తక్కువగా గుర్తుచేసుకుంటాం. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలో, కమతం గిట్టుబాటు కావడం దాని విస్తీర్ణం మీద ఆధారపడదని, దానికి తగిన పెట్టుబడి, శ్రమ ఎంత నిష్పత్తిలో కలిశాయన్నదే ముఖ్యమని వాదించారు. 1947 నాటి ‘రాష్ట్రాలు–మైనారిటీలు’లో భూమిని ప్రభుత్వం చేతిలో ఉంచి, కులభేదం లేకుండా ఊరివాళ్లకు సామూహిక సాగుకు ఇవ్వాలన్నారు. ఎకరాన్ని కొలిచి డబ్బు పంచే నేటి పద్ధతికి ఇంతకంటే సూటి విమర్శ అవసరం లేదు.

మనం అడగాల్సినవి

ఒకటి, యజమాని సంతకం లేకుండా గ్రామసభలో సాగుదారు నమోదు జరగాలి. ప్రకృతి వ్యవసాయం డబ్బు ఆ నమోదు ప్రకారమే వెళ్లాలి.

రెండు, కలుపు, కంపోస్టు, విత్తన నిల్వ వంటి పనులకు కూలి భాగాన్ని విడిగా లెక్కగట్టి, పని చేసిన మహిళ ఖాతాలో వేయాలి.

మూడు, కార్బన్ ఒప్పందాల్లో కౌలుదారు కూడా ఒక పక్షంగా ఉండాలి. వాటా ఎంతో ముందే రాసి ఉండాలి.

నాలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఈ పథకాల్లో ఎస్సీల వాటా వాటి కింద ఏటా బయటపెట్టాలి.

విద్యార్థులు ఈ వారమే మొదలుపెట్టగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా వ్యవసాయ అధికారికి ఒక దరఖాస్తు రాయండి. సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ క్లస్టర్లలో లబ్ధిదారులు ఎంతమంది, వారిలో ఎస్సీలు ఎందరు, మహిళలు ఎందరు, కౌలుదారులు ఎందరు అని అడగండి. చివరి గడిలో సున్నా వస్తే, ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు వెళ్లండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఒక మాట కూడా అడగండి: ‘అమ్మా, ఈ ఏడు కలుపు ఎన్ని దినాలు తీసినవ్? ఎంత ఇచ్చిండ్రు?’ ఆ రెండు అంకెలు పక్కన పెట్టుకుని చదివితే ఏ పథకం మార్గదర్శకమైనా మనకు సూటిగా అర్థమవుతుంది.