పాములు మాలిమి అగునా?

మా ఊరు లింగాల. నల్లమల అడవి అంచున ఉన్నది. పూర్వము మహబూబునగరు జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలను విభజించిన పిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. నా చిన్నతనములో నాగుల పంచమి నాడు మా వీధికి పాములవాడు తప్పక వచ్చేవాడు. భుజముమీద కావడి, కావడికి రెండు వెదురు బుట్టలు, చేతిలో సొరకాయ బుర్రతో చేసిన నాగస్వరము. మా ఇంటి ముందర బుట్ట దించి, మూత తీసి, చేతితో తట్టేవాడు. నాగుపాము పడగ విప్పేది. "అవ్వా, సామికి ఇన్ని పాలు పొయ్యి" అని మా నాయనమ్మను అడిగేవాడు. ఆమె గిన్నెలో పోసిన పాలలో పాము మూతి పెట్టేది. పిల్లలము కళ్ళప్పగించి చూచేవారము.

ఒక ఏడు నేను ధైర్యము చేసి, "పోయినేడు తెచ్చిన పామేది?" అని అడిగినాను. పోయినేటి పాము పసుపు వన్నెది, ఈ ఏటిది నల్లనిది. "ఇదే బిడ్డా అది. మాలిమి అయిన పాము, బిడ్డ లెక్క" అన్నాడు. మా నాయనమ్మ నన్ను కసరినది. నేను మరి అడుగలేదు గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పోయినేటి పాము ఏమైనది?

దానికి సమాధానము కళాశాలలో జంతుశాస్త్రము చదివిన నాడు గాని నాకు తెలియలేదు. అడవిలో పట్టి తెచ్చిన నాగుపాము కోరలను మొదట పెరికివేస్తారు. ఒక్కొక్కప్పుడు విషగ్రంథినుండి కోరకు వచ్చే నాళమును కోసివేస్తారు. కొందరు మూతినే దారముతో కుట్టివేయుట కూడ ఉన్నది. పాము కోర ఒక్కటిగా ఉండదు. పనిచేసే కోర వెనుక, ఎదుగుతున్న కోరలు వరుసగా ఉంటవి. ముందరిది ఊడితే కొద్ది వారములలో వెనుకది ముందుకు వస్తుంది. కాబట్టి పెరికినవాడు మరల మరల పెరుకవలెను. పుండుపడిన నోటితో పాము ఎలుకను పట్టలేదు, మింగలేదు. ఇక పాలసంగతి. పాము క్షీరదము కాదు, పాలు దాని ఆహారము కాదు, వాటిని జీర్ణము చేసికొనే శక్తి దానికి లేదు. పండుగకు ముందు దినముల తరబడి నీరు పెట్టకుండ ఎండగట్టిన పాము, ఏ ద్రవము కనబడినా మూతి పెట్టి త్రాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోయి రోగము తెచ్చిపెట్టుటయు కలదు. ఇంతటి హింసకు గురియైన పాము చాలవరకు కొన్ని నెలలకు మించి బ్రతుకదు. పోయినేటి పాము సంగతి ఇది. మా నాయనమ్మ భక్తితో పోసిన పాలు కూడ ఆ హింసలో భాగమేనని వ్రాయుటకు నాకు మనసొప్పదు గాని, వ్రాయక తప్పదు.

పడగ విప్పి ఆడుట కూడ సంగీతమునకు కాదు. పాముకు వెలుపలి చెవి లేదు. నేల అదురును అది బాగుగా పసిగడుతుంది. గాలిలో వచ్చే బొంగురు ధ్వనులను సైతము కొంతవరకు గ్రహించగలదని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నవి. కాని బుట్ట ముందు దాని కన్ను ఉన్నది బుర్ర మీద. బుర్ర ఎటు కదిలితే అటు కదలుతుంది, ఏలననగా శత్రువును కంటినుండి జారవిడువరాదు గదా. మనము నాట్యమనుకొన్నది దానికి కాపలా.

ఈ విషయములన్నియు ఏటేటా విద్యార్థులకు చెబుతూనే ఉన్నాను. చెప్పుటతో సరిపోదని రెండేండ్ల క్రిందట తెలిసివచ్చినది. వానకాలములో ఒకనాడు, డిగ్రీ రెండవ సంవత్సరము చదివే పిల్లవాడొకడు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి ప్రయోగశాల బల్లమీద పెట్టినాడు. మూతకు సన్నని రంధ్రములు పొడిచి ఉన్నవి. లోపల మూరెడు పొడవున మెరిసే నల్లని పాము, ఒంటిమీద సన్నని తెల్లని కట్లు. రాళ్ళ కుప్ప క్రింద దొరికినదట. ఫోనులో ఏదో వీడియో చూచి, ఇది విషము లేని పామని నిశ్చయించుకొన్నాడు.

"సార్, తొమ్మిది దినాలాయె, హాస్టల్ల నా మంచం కిందనే ఉన్నది. పగటిపూట చేతిల పట్టుకున్నా ఏమనది. తల దాచుకొని పండుకుంటది. మంచిగ మాలిమి అయింది. తిండే తింటలేదు."

తల దాచుకొంటుందన్న మాట వినగానే నా ఒళ్ళు జలదరించినది. ఆ డబ్బాలోని పాము సంగతి చివర చెబుతాను. పాఠకులు ముందుగా నాతో విశాఖపట్టణము రావలెను. ఏలననగా ఈ పిల్లవాడు పొరబడిన చోటనే, రెండు వందల ఏండ్లకు పైబడి మునుపు, ఒక వైద్యుడు ఏండ్ల తరబడి తల బ్రద్దలు కొట్టుకొన్నాడు.

ఆయన పేరు ప్యాట్రిక్ రస్సెలు. స్కాట్లండు వాడు. సిరియా దేశములోని అలెప్పో నగరములో వైద్యము చేసి, అక్కడి ప్లేగు వ్యాధిని గూర్చి గ్రంథము వ్రాసినవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమునకు అధికారిగా వచ్చిన తన తమ్ముడు క్లాడ్‌తో పాటు 1781లో ఇక్కడికి చేరినాడు. అప్పుడు కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉన్నవాడు లిన్నేయసు శిష్యుడైన కోనిగ్. ఆయన 1785లో కాకినాడ ప్రక్కన జగన్నాథపురములో కన్నుమూయగా, ఆ పదవి రస్సెలుకు వచ్చినది. మొక్కలు, చేపలు సేకరించుటతో పాటు ఆయన మనసును పట్టి పీడించినది పాముకాటు. పల్లెలలో జనము చనిపోతున్నారు. ఏ పాము విషముగలది, ఏది కాదు అన్నది తెల్లదొరలకే కాదు, మన వారికిని రూఢిగా తెలియదు. చూడగానే గుర్తుపట్టే సులభమైన గుర్తు ఒకటి దొరికితే ఎందరినో కాపాడవచ్చునని ఆయన ఆశ.

పాములు ఆయనకు ఎట్లు దొరికినవి? తెలుగు నేల మీద పాములు పట్టి జీవించే వారే తెచ్చి ఇచ్చినారు. బ్రతికియున్న పాములచేత కోళ్ళను, కుక్కలను కరపించి, ఏ పాము కాటునకు ఎంతసేపటిలో ఏమగునో వ్రాసి పెట్టినాడు. తంజావూరు మాత్రలని ఆనాడు పేరుపడిన మందును కూడ పరీక్షించినాడు. ఈ ప్రయోగములు నేటి మన మనసుకు కష్టముగా తోచును. కాని పాముకాటు వైద్యమును నమ్మికనుండి పరీక్షకు త్రిప్పినది ఇవే.

1789లో ఆయన స్వదేశమునకు మరలినాడు. కోరమాండలు తీరపు పాములను గూర్చిన ఆయన గ్రంథము మొదటి సంపుటము 1796లో, రంగుల చిత్రములతో, లండనులో వెలువడినది. రెండవది 1801 మొదలు భాగములుగా వచ్చినది. అది ముగియక మునుపే, 1805లో, ఆయన మరణించినాడు. ఆ గ్రంథములో నాకు అన్నిటికంటె ప్రియమైనవి పేర్లు. లాటిను పేర్లు ఇంకను పెట్టని పాములకు ఆయన తాను విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినాడు. జెర్రిపోతు, పెద్దపొడ, బోదురు పాము, చింతనాగు, బంగారు పాము, కాటుక రేకుల పొడ. కాటుక రేకుల పొడ అనగా నేడు మనము రక్తపింజర అనే పాము. నాగుపాము తరువాత అంతటి ప్రాణాంతకమైనది ఇదేనని రస్సెలు గుర్తించినాడు. 1797లో దానికి ఆయన పేరే పెట్టినారు. ప్రపంచమంతట నేటికిని అది 'రస్సెలు వైపరు'. బంగారు పాము అన్న పేరునుండి 1803లో దోదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 'బంగారస్' అని ఒక ప్రజాతికి నామకరణము చేసినాడు. కట్లపాములన్నియు ఈ ప్రజాతిలోనివే. అనగా టోకియోలోనో బెర్లినులోనో ఒక శాస్త్రజ్ఞుడు కట్లపామును గూర్చి వ్రాయునప్పుడు, తనకు తెలియకుండనే ఒక తెలుగు మాట వ్రాస్తున్నాడు. ఆ మాట రస్సెలుకు చెప్పినవాని పేరు మాత్రము ఏ పుస్తకములోను లేదు.

రస్సెలు వెదకిన సులభమైన గుర్తు దొరకలేదు. తల ఆకారమును బట్టి, రంగును బట్టి, తోకను బట్టి విషము కనుగొనవచ్చునన్న మాటలన్నియు ఎక్కడో ఒకచోట తప్పుతవి. ఒక్కొక్క పామును ఒక్కొక్కటిగా నేర్చుకొనవలసినదే. అందువలన బొమ్మ ఒకటి చూచి అడవి పామును ఇంటికి తెచ్చుకొనేవాడు, పాముతో పాటు తన ప్రాణముతో కూడ జూదమాడుతున్నాడు.

మాలిమి అన్న మాటను మనము కుక్కకు, గోవుకు, చిలుకకు వాడుతాము. కుక్క వేల ఏండ్లుగా మనుష్యుని ప్రక్కన తరతరములు పుట్టి పెరిగినది. పాము అట్లు కాదు. దానికి మంద లేదు, నాయకుడు లేడు, చాల జాతులలో తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. యజమానియందు ప్రేమ కలుగుటకు దాని జీవితములో చోటు లేదు. తరచుగా పట్టుకొన్నందువలన బెదురు కొంత తగ్గవచ్చును, అంతే. మనకు కనిపించే 'సాధుత్వము'నకు వేరే కారణములుంటవి: కోరలు లేకపోవుట, ఆకలి, చలి. పాము ఒంటి వేడి పరిసరముల వేడినిబట్టి ఉండును గనుక చల్లని గదిలో మందగించి పడియుంటుంది. కట్లపాము విషయములో మరొక కారణము కూడ ఉన్నది, దానికే వస్తున్నాను.

నేను ఆ డబ్బాను మూత తీయకుండ వెలుతురులో పెట్టి చూచినాను. వీపు నడుమ ఒక వరుస పొలుసులు ప్రక్కవాటికంటె పెద్దవి, ఆరు పలకలవి. తెల్లని కట్లు జతలు జతలుగా, మెడ దాటి కొంత దూరము పోయిన తరువాత మొదలైనవి. పిల్లవాడు అనుకొన్నది తోడేలు పామని ఇంగ్లీషువారు పిలిచే విషము లేని పాము. దాని కట్లు మెడ దగ్గరనే మొదలగును, వీపు నడుమ పొలుసులు పెద్దవి కావు. ఇది అది కాదు. ఇది కట్లపాము, రస్సెలు గ్రంథములో 'గెడి పరగుడు' అని ఉన్నదే.

కట్లపాము రాత్రించరము. పగలు చుట్టచుట్టుకొని, తలను చుట్టల క్రింద దాచుకొని, కదిపినను కదలక పడియుంటుంది. చీకటి పడగానే వేరొక జంతువైనట్లు చురుకగును. నేలమీద పడుకొన్నవారిని నిద్రలో కరచును. కోరలు చిన్నవి, కాటు నొప్పి పెట్టదు, వాపు ఉండదు. తెల్లవారి కడుపునొప్పి అని లేచినవారికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయై, ఊపిరాడక పోవును. మా పిల్లవాడు మాలిమి అనుకొన్నది పగటి నిద్ర.

చట్టము మాట కూడ చెప్పవలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి జంతువును పట్టుట కూడ వేటయే. 2022 సవరణతో నాగుపాము, జెర్రిపోతు వంటివి కూడ మొదటి షెడ్యూలులోనికి చేరినవి. పాములవాని బుట్ట ఇట్లు నేరమైనది. అది న్యాయమే. అయితే బుట్టతో పాటు ఆ చేతుల విద్య కూడ అడవి పాలైనది. దానిని వ్యర్థము కానీయని ఉపాయము మన పొరుగున ఒకటి ఉన్నది. 1976లో పాము చర్మముల ఎగుమతి నిషేధమైన పిమ్మట జీవనోపాధి పోయిన ఇరుళ జాతివారు, 1978లో రోములస్ విటేకరు ప్రోద్బలముతో మద్రాసు దగ్గర సహకార సంఘము పెట్టుకొన్నారు. ప్రభుత్వ అనుమతితో పామును పట్టి, మట్టి కుండలో మూడు నాలుగు వారములుంచి, వారమునకొకసారి విషము తీసి, పొట్ట పొలుసుకు చిన్న గుర్తు పెట్టి, తిరిగి అడవిలో వదలుతారు. ఆ గుర్తున్న పామును మరల వెంటనే పట్టరు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కాటులకు మన ఆసుపత్రులలో ఇచ్చే సీరమునకు మూలము ఈ విషమే. మన దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటువలన ఏటా సగటున 58,000 మంది చనిపోయినట్లు ఒక పెద్ద అధ్యయనము లెక్క తేల్చినది. కాబట్టి ఆ కుండల విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

పామును పట్టి ఉంచుకొనే ఆశ చావలేదు, రూపు మారినది. తెలంగాణములో రెండుతలల పాము అమ్మకపు కేసులు పోలీసులు తరచుగా పట్టుకొంటున్నారు. దానికి రెండు తలలు లేవు. తోక మొండిగా, తలవలె ఉండును, అంతే. ఎవరిని కరచి చంపలేని, మట్టిలో దూరి ఎలుకలను తినే ఈ సాధుజీవి ఇంట ఉంటే ధనము వచ్చునని నమ్మించి లక్షలు అడుగుతారు. కొన్నవానికి రాని ధనము అమ్మినవానికి మాత్రము వస్తున్నది.

ఇక ఆ డబ్బా. అటవీ శాఖవారికి ఫోను చేసినాము. సాయంత్రమునకు ఇద్దరు వచ్చి, పొడవైన కొక్కెపు కర్రతో పామును సంచిలోనికి మార్చి తీసికొనిపోయినారు. అడవిలో వదలినట్లు మరునాడు కబురు చేసినారు. వారు పోయినదాకా పిల్లవాడు గోడకు ఆనుకొని నిలబడినాడు. తరువాత మెల్లగా అడిగినాడు:

"మరి తొమ్మిది దినాలు నన్ను ఎందుకు కరవలే సార్?"

"రాత్రిళ్ళు మూత గట్టిగ పెట్టినవు గనక" అన్నాను.

ఆ డబ్బా ఇప్పటికిని మా ప్రయోగశాలలో ఉన్నది. సుద్దముక్కలు వేసికొంటున్నాము.