జనాభా లెక్కలలో కనిపించని రైతు

మహాలయ పక్షంలో తర్పణాలు విడిచే వేళ పురోహితులు మూడు తరాల పేర్లు అడుగుతారు. తండ్రి, తాత, ముత్తాత. ఆ తరువాత తల్లి, నానమ్మ, ఆమె అత్తగారు. రెండవ పేరు వరకు ఎవరి గొంతూ తడబడదు. మూడవ పేరు దగ్గరకు వచ్చేసరికి ఫోను తీసి ఇండియాలోని బాబాయికి ‘మిస్డ్ కాల్’ ఇచ్చేవారిని మీరూ చూసే ఉంటారు. పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చే తెలంగాణ ఇళ్లలోను, సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టే కోస్తా ఇళ్లలోను పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. అబుదాబిలోనో షార్జాలోనో పుట్టి, తాతగారి ఊరిని సెలవులలో మాత్రమే చూసిన మీ తరం కోసం ఈ వ్యాసం. సేద్యం చేసుకుని బతికిన ఒక ముత్తాత జీవితాన్ని కాగితాలలో ఎక్కడ వెతకాలి, ఆ కాగితాలు చెప్పేదెంత, చెప్పనిదెంత అన్నదే ఇందులో విషయం.

మీతో చదువుకునే బ్రిటిష్ విద్యార్థికి ఈ పని సులువు. వారి దేశంలో జనాభా లెక్కల పత్రాలను వంద సంవత్సరాలు దాచి, తరువాత ప్రజల ముందు పెడతారు. 1921 నాటివి 2022లో బయటికి వచ్చాయి. అమెరికాలో గడువు 72 సంవత్సరాలే. ఇంటి నంబరుతో సహా ముత్తాత పేరు అందులో దొరుకుతుంది. మన దేశంలోనూ లెక్కలు తీశారు. మద్రాసు రాజధానిలో 1871లో, ఆ తరువాత 1881 ఫిబ్రవరి 17న దాదాపు దేశమంతటా ఒకేసారి తీశారు. అప్పటి నుంచి పదేళ్లకొకసారి ఎవరో ఒకరు మీ ముత్తాత గడప ముందు నిలబడి వయసు, కులం, వృత్తి అడిగి రాసుకుని వెళ్లారు. అయితే మొత్తాలు కట్టి పట్టికలు అచ్చు వేసిన తరువాత ఆ ఇంటింటి పత్రాలను నాశనం చేశారు. మిగిలినవి అంకెలు. ఊళ్లో ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది, ఎవరున్నారో తెలియదు.

అంతమాత్రాన ఆ సంపుటాలను పక్కన పెట్టకండి. 1921 లెక్కలలో దేశ జనాభా పదేళ్ల కిందటి కంటే తగ్గింది. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా అందుకు ముఖ్య కారణం. మీ వంశవృక్షంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురి జాడ ఆ ఏడాదితో ఆగిపోయి ఉంటే కారణం కోసం దూరం వెళ్లనక్కరలేదు. 1961 జనాభా లెక్కల శాఖ ఇంకొక మంచి పని చేసింది. కొన్ని గ్రామాలను ఎంచుకుని, ఇళ్ల కట్టడం నుంచి అప్పుల వరకు వివరించే పుస్తకాలు వెలువరించింది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాకొకటి చొప్పున జాతరలు, పండుగల సంపుటాలు కూడా వచ్చాయి. ఊరి పేరు పట్టుకుని వెతికితే అక్కడి దేవుడెవరో, తిరునాళ్లు ఎప్పుడో, ఎన్ని రోజులు జరిగేవో ఉంటుంది. మీ ముత్తాత పేరు అందులో ఉండదు గాని, ఆయన ఏటా ఎడ్లబండి కట్టుకుని ఏ జాతరకు వెళ్లి ఉంటాడో ఊహించుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

ఇక అసలు ఆధారానికి వద్దాం. రైతును ఒక మనిషిగా రాసుకోవలసిన అవసరం సర్కారుకు లేదు. శిస్తు కట్టే చేతిగా రాసుకుంది. రైతువారీ పద్ధతిలో పట్టాదారు నేరుగా ప్రభుత్వానికి బాధ్యుడు. కనుక ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం ఎంత, మెట్టా పల్లమా, ఏ పంట వేశారు, శిస్తు ఎంత అన్నది కరణం ఏటేటా అడంగల్‌లో ఎక్కించేవాడు. ఒక్కొక్క రైతు పేరిట ఉన్న భూమి అంతా 10(1) లెక్కలో ఉండేది. వీటిలో సంవత్సరాన్ని ఫసలీలో రాస్తారు. జూలై 1న మొదలయ్యే ఈ లెక్కకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు.

మా ముత్తాతది తెనాలి ప్రాంతంలో ఒక ఊరు. ఆయన పేరు ఇక్కడ రాయను. మీరు తెలుసుకోవలసినది మీ వారి పేరు. నేను మొదట నేర్చుకున్నది ఊరి పేరు కంటే జిల్లా పేరు ముఖ్యమని. 1859లో గుంటూరు జిల్లాను మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్లీ 1904లో విడదీశారు. ఆ నడుమ నలభై అయిదేళ్ల కాగితాల మీద గుంటూరు జిల్లా అన్న పేరే ఉండదు. ఈ మధ్య రెండు రాష్ట్రాలలోనూ జిల్లాలు విడిపోయిన తీరు చూస్తే మీ మనవలకు ఇంతకు రెట్టింపు తిప్పలు తప్పవు.

ఇంట్లో చెప్పుకునే కథ ఇది. విజయవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట వచ్చింది, కాలువ వచ్చింది, మెట్ట మాగాణి అయింది. మా ముత్తాత రెక్కల కష్టంతో మూడెకరాలను ఎనిమిదెకరాలు చేశాడు. అడంగల్ లెక్కలు ఈ కథను కాదనవు. ఫసలీ 1310లో ఆయన తండ్రి పేరిట మూడెకరాల చిల్లర, ఫసలీ 1347లో ఆయన పేరిట ఎనిమిది. ఎలా పెరిగాయో మాత్రం అడంగల్ చెప్పదు. అది చెప్పేది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం.

పాత దస్తావేజు చదవడం ఒక రుచి. ‘ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా గ్రామ కాపురస్థుడు’ అని మొదలై, మనిషిని నాలుగు మాటలలో నిలబెడుతుంది. చివర సాక్షుల వ్రాళ్లు, దస్తూరి ఎవరిదో ఆ పేరు ఉంటాయి. వ్రాలు చేయడం రానివారి నిశానీ లేదా వేలిముద్ర ఉంటుంది. మా ముత్తాత సంతకం నేను మొదటిసారి చూసింది అక్కడే. అక్షరాలు కుడివైపుకు ఎక్కుతూ పోయాయి. ఈ కాగితాలలో అన్నిటికంటే విలువైనవి హద్దులు. తూర్పున ఫలానా వారి పొలం, దక్షిణాన బోదె, పడమర డొంక, ఉత్తరాన ఫలానా వారి పొలం. నలుగురు రైతుల దస్తావేజులు పక్కపక్కన పెడితే ఊరి పటం తయారవుతుంది.

1931లో మా ముత్తాత పేరిట ఒక తనఖా దస్తావేజు ఉంది. ఉత్తరపు హద్దు రైతు తన రెండెకరాలను కుదువపెట్టి అప్పు తీసుకున్నాడు. 1929 తరువాత ప్రపంచమంతటా ధరలు కూలిపోయిన కాలమది. డెల్టాలో ధాన్యం ధర సగానికి దగ్గరగా పడిపోయింది. శిస్తు మాత్రం రూపాయలలోనే కట్టాలి, వడ్డీ కూడా రూపాయలలోనే. 1936లో అదే రెండెకరాలకు క్రయ దస్తావేజు జరిగింది. ప్రతిఫలంలో అధిక భాగం తనఖా అసలు, వడ్డీ కింద చెల్లు. అమ్మినవాని వేలిముద్ర ఉంది. ఆ తరువాతి దస్తావేజులలో ఉత్తరపు హద్దు చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఇంటిపేరు లేదు.

1938లో మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం చేసింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన రైతుల అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ బాకీని రద్దు చేసింది. 1931 నాటి ఆ అప్పు సరిగ్గా ఈ కోవలోది. ఆ క్రయం ఇంకొక రెండు సంవత్సరాలు ఆగి ఉంటే ఆ పొలం ఎవరిదై ఉండేదో చెప్పలేను. చట్టం వస్తుందని ఇద్దరిలో ఎవరికీ తెలిసి ఉండదు. మా ముత్తాత అన్యాయం చేశాడని కాగితం అనదు, చేయలేదనీ అనదు. రెక్కల కష్టం అబద్ధం కాదు. అయితే ఎనిమిదెకరాలలో రెండు వచ్చింది రెక్కల వల్ల కాదు. మా పిల్లలకు ఈ రెండు సంగతులూ కలిపే చెప్పాను. కుటుంబంలో కొందరికి అది నచ్చలేదు. చచ్చిపోయినవారి మీద తవ్వకాలెందుకన్నారు. వంశచరిత్ర అంటే పొగడ్తల దండకమైతే ఇంత శ్రమ అనవసరం.

ఆ ఉత్తరపు హద్దు కుటుంబం నిజాంసాగర్ కాలువ కిందికి వెళ్లిపోయిందని మా మేనత్త విన్నదట. 1930ల తరువాత కోస్తా జిల్లాల రైతులు అనేకులు నిజామాబాదు ప్రాంతానికి అలాగే తరలి వెళ్లారు. ఆ జిల్లా నుంచి ఇక్కడికి వచ్చినవారు మన సంఘంలో ఎందరున్నారో మీకు తెలుసు.

ఇంతవరకు చెప్పినవన్నీ మగవారి పేర్లని మీరు గమనించే ఉంటారు. పట్టా మగవాని పేరిట, శిస్తు రసీదు మగవాని పేరిట. స్త్రీల పేర్లు దొరికే చోట్లు వేరు. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన భూమి కాగితం ఒకటి. వితంతువుకు తిండి, బట్టకు ఏటా ఇంత ధాన్యం ఇస్తామని రాసిన మనోవర్తి దస్తావేజు ఇంకొకటి. మా ముత్తాత అన్నగారి భార్య పేరు నాకు అలా దొరికింది. ఆమె పేరు ప్రపంచంలో మిగిలింది ఆ ఒక్క కాగితం మీదనే. మా ముత్తవ్వ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆమె కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి బిందె మీద పుట్టింటి ఇంటిపేరుతో సహా చెక్కించి ఉంది. మీ ఇళ్లలో అటక మీది పాత పాత్రలను పాత ఇత్తడి కింద తూకానికి వేసే ముందు అంచులు ఒకసారి తిప్పి చూడండి.

కౌలుదారుల పేర్లు, పాలేర్ల పేర్లు, నాట్లు వేసిన కూలీల పేర్లు అయితే ఎక్కడా లేవు. అడంగల్‌లో ‘స్వంత సాగు’ అన్న రెండు మాటల కింద ఎందరి చేతులున్నాయో ఏ కరణమూ రాయలేదు. మీ పూర్వులు భూమి లేనివారైతే ఈ వ్యాసంలోని సగం మార్గాలు మీకు మూసి ఉంటాయి. ఒక విచిత్రమైన మినహాయింపు ఉంది. ఊరు విడిచి సముద్రం దాటినవానిని మాత్రం సర్కారు వివరంగా రాసుకుంది. 1860 నుంచి 1911 వరకు నేటాలుకు ఓడలెక్కిన 1,52,000 మందికి పైగా భారతీయ ఒప్పంద కూలీల జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, చివరికి ఒంటి మీది మచ్చ కూడా ఉన్నాయి. మద్రాసులో ఓడ ఎక్కినవారిలో తెలుగువారు వేల మంది. ఇంటి దగ్గర ఉండి దున్నుకున్న అన్న ఎంత పొడుగో మనకు తెలియదు. చెరకు తోటకు వెళ్లిన తమ్ముని ఎత్తు అంగుళాలతో సహా తెలుసు. మన సంగతీ అంతే. ఈ గడ్డ మీద 1968లో మొదటి జనగణన, సమాఖ్య ఏర్పడిన తరువాత 1975లో ఇంకొకటి జరిగాయి. 1970లలో వచ్చిన మీ తాతల పాత పాస్‌పోర్టులు, వీసా కాగితాలు వారి అన్నదమ్ముల గురించి ఇండియాలో దొరికే వాటికంటే ఎక్కువే చెబుతాయి.

వైద్యురాలిని కనుక వయసుల గురించి ఒక మాట. పాత రికార్డులలో వయసులు 30, 40, 50, 60 దగ్గర గుంపు కడతాయి. జనాభా లెక్కలవారు ఎప్పుడో గుర్తించిన లక్షణమిది. నా ఆసుపత్రి ఫైళ్లలోనూ మన పెద్దవారిలో సగం మంది జూలై 1న పుట్టినవారే, బడిలో చేర్చిన పంతులుగారి పుణ్యమా అని. మా ముత్తాత మరణం గ్రామ మునసబు రిజిస్టరులో ‘వయసు 60, జ్వరము’ అని ఉంది. అరవై అంటే ముసలివాడని అర్థం; జ్వరమంటే మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా ఏదైనా కావచ్చు. దాని నుంచి రోగ నిర్ధారణ చేయబూనడం వృథా. తేదీ మాత్రం నమ్మదగినదని ఇంటి తద్దినం తేల్చింది. ఎనభై ఏళ్లుగా మా ఇంట్లో పెడుతున్న తిథిని పాత పంచాంగంలో చూస్తే రిజిస్టరులోని తేదీతో సరిగ్గా కలిసింది. పుట్టిన రోజును మరిచే కుటుంబాలు పోయిన తిథిని మరవవు.

జాతక చక్రాలు దొరికితే సంవత్సరం పేరుతో జాగ్రత్త. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. ఏ అరవై ఏళ్ల చక్రమో తరాలు లెక్కపెట్టి తేల్చుకోవాలి. 1832 నందన గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు ఏడు. 1876 ధాత ఇంకొక మహా కరువు. పెద్దలు ‘నందన కరువు’, ‘ధాత కరువు’ అంటే అది తేదీగానే రాసుకోండి.

తెలంగాణ మూలాలున్నవారు అడంగల్‌కు బదులు పహాణీ, కరణానికి బదులు పట్వారీ అనుకుని చదువుకోండి. సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అడిగి చూడండి. మీది జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందటి లెక్కలు సంస్థానం దగ్గర ఉండేవి. ఇక 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని కట్టలు తాలూకా కచేరీకి చేరాయి, కొన్ని చెదలకు చేరాయి. రిజిస్ట్రేషను కాగితాల నకళ్లకు సర్వే నంబరో, పాత దస్తావేజు నంబరో, ఊరి పేరుతో సంవత్సరమో ఉంటే పని సాగుతుంది. ఏదీ లేకుండా వెళితే గుమాస్తాను తప్పుపట్టలేము.

ఈ వేసవి సెలవులకు వెళ్లినప్పుడు మొదట కచేరీకి పోకండి. ఇంట్లో ట్రంకు పెట్టె తెరిపించండి. కాగితాలను మడతల దగ్గర విప్పేటప్పుడు తొందరపడకండి, ఫొటోలు తీసుకోండి, లామినేషన్ మాత్రం చేయించకండి. నానమ్మ పక్కన కూర్చుని పేర్లు అడిగితే ఆమె తడుముకోవచ్చు. పొలం అడగండి. తూర్పున ఎవరు, పడమర ఎవరు, ఉత్తరాన ముందు ఎవరుండేవారు, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి.