రసీదులో ఉంది, రాకలో లేదు

గ్రంథాలయాలు వెలవెలబోవడానికి సెల్‌ఫోనే కారణమన్నది సభల్లో స్థిరపడిన మాట. సర్కారు నిధులు కోసిందన్నది రెండో మాట. రెంటిలోనూ కొంత నిజముంది. అయితే ఇంటిపన్ను రసీదు చూడకుండా రాసిన గ్రంథాలయ చరిత్ర సగం చరిత్రే.

తొలి ఘట్టాలు తెలిసినవే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడ గ్రంథాలయ మహాసభ. చందాలతో, దాతలతో నడిచిన కాలమది. 1948లో మద్రాసు, 1955లో హైదరాబాదు గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం రెంటినీ ఏకం చేసింది.

అసలు కిటుకు ఆ చట్టంలోనే ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి కడితే దాని మీద మరో 80. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. ఖర్చుపెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. పుచ్చుకున్న చెయ్యి అందించకపోతే, బడ్జెట్‌లో ఒక్క అంకె తగ్గకుండానే కోత పడుతుంది.

హైదరాబాదు శివారులోని శామీర్‌పేటనే చూడండి. పెంకుటిళ్ల ఊరుగా ఉన్నప్పుడు సెస్సు స్వల్పం. గ్రంథాలయం పేదదంటే నమ్మవచ్చు. 1998లో మొదలైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, జీనోమ్ వ్యాలీ బయోటెక్ పరిశ్రమలు, 2008లో బిట్స్ క్యాంపస్, పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు. ఎకరాల్లో చెప్పే భూమి ధర గజాల్లోకి మారింది. ఇళ్లు పెరిగితే పన్ను, పన్ను పెరిగితే సెస్సు పెరగాలి. కొత్త ఇళ్లన్నీ పన్ను లెక్కకెక్కాయని కాదు, ఎక్కినవన్నీ కట్టాయనీ కాదు. అయినా గ్రంథాలయం ఇంకా పేదగా ఉండటానికి కారణం అక్కడితో ఆగదు. 2016లో శామీర్‌పేటతో సహా ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో జనం కిక్కిరిసిన మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా, ఉప్పల్ 2007లోనే హైదరాబాదు మహానగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఆ సంస్థ వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమచేయక బాకీపడిందన్న వార్త పత్రికల్లో ఏళ్లుగా వస్తూనే ఉంది.

ఫోను వార్తాపత్రిక పాఠకుణ్ణి తీసుకుపోయిన మాట నిజమే. కానీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు గ్రంథాలయాలకు వస్తూనే ఉన్నారు, చాలామంది తమ పుస్తకాలు తామే తెచ్చుకుని. వాళ్లకు కుర్చీ, ఫ్యాను సమకూర్చి సేవ జరిగిందనుకోవడం నాకు మింగుడుపడదు. పుస్తకం కొనని గ్రంథాలయం చదువుకునే గది మాత్రమే. శామీర్‌పేటలో మంచి గ్రంథాలయాలు లేకపోలేదు, విశ్వవిద్యాలయాల గేట్ల లోపల ఉన్నాయి. గేటు బయటివాడు మాత్రం 8 పైసలు కడుతూనే ఉన్నాడు.